మనోళ్ళ టేబులు

పన్నెండున్నర అయిందో లేదో, దయాకర్ ముందున్న ఆరు టేబుళ్ళూ ఒక్కసారిగా నిండిపోయాయి.

"గిరాకీ మొదలైంది. యల్లా, యల్లా!" వెనకనుంచి యజమాని సత్యప్రసాద్ చప్పట్లు చరిచాడు.

టేబుళ్ళంటే నిజం టేబుళ్ళు కావు. రెండు కంప్యూటర్ తెరల మీద మూడేసి చొప్పున ఆకుపచ్చ గళ్ళు. ఒక్కో గడి చుట్టూ అయిదు కుర్చీల బొమ్మలు, మధ్యలో పేకముక్కలు. ఎవరికి వాళ్ళకు రెండు ముక్కలు మూసి ఇస్తారు, అయిదు ముక్కలు అందరి ముందూ ఒక్కొక్కటిగా తెరుస్తారు. నీ ముక్కలు బాగుంటే పందెం పెంచు, లేకపోతే పడేసి తప్పుకో. పోకర్ అంటే ఇంతే. కాకపోతే ఇక్కడ ఆరు గళ్ళనూ ఒక్క మనిషే ఆడాలి. ఏ గడిలో వంతు వస్తే ఆ గడి టింగుమంటుంది, దాని కింద ఒక పసుపు గీత కరగడం మొదలవుతుంది. అది కరిగిపోయేలోపు ఏదో ఒకటి నొక్కాలి. ఒక్కోసారి నాలుగు గళ్ళు కలిసి టింగుమంటాయి. ఆరు పొయ్యిల మీద ఆరు గిన్నెలు పెట్టి చేతికి ఒక్క గరిటె ఇచ్చినట్టు ఉంటుంది. ఒకటి కలుపుతుంటే ఇంకోటి మాడుతుంది. మాడిన గిన్నె ఖరీదు జీతంలో కోస్తారు.

వేసవిలో మూడు నెలలపాటు మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని ఈ గల్ఫు దేశంలో చట్టం. పన్నెండున్నర నుంచి మూడింటిదాకా సైట్లన్నీ ఆగిపోతాయి. మంచి చట్టమే, ఎవరు కాదంటారు? కూలివాళ్ళు నీడపట్టున తడిగుడ్డ మొహాన వేసుకుని పడుకుంటారు. ఎంత అలసినా ఆ వేడిగాలికి నిద్ర పట్టదు. చేతిలో ఫోను ఉంటుంది. కూలివాణ్ణి ఎండ నుంచి కాపాడే ఆ రెండున్నర గంటలే సత్వా పేటలోని ఈ రెండు గదుల ఫ్లాటుకు కోతల కాలం. చట్టం చేసినవాళ్ళు ఈ సంగతి ఊహించి ఉండరు, పాపం. సత్యప్రసాద్ ఊహించాడు.

గదిలో నలుగురు పనివాళ్ళు. దయాకర్, నెల్లూరు నుంచి వచ్చిన జమీర్, తబ్రేజ్, మూర్తి. నలుగురూ వేర్వేరు సిమ్ముల మీద నెట్టు పెట్టుకుని, ఒకరికొకరు తెలియనట్టు ఒకే టేబులుకు చేరతారు. మిగిలిన కుర్చీలో బయటివాడు కూర్చుంటాడు. అతనికి తన రెండు ముక్కలే తెలుసు. వీళ్ళకు ఎనిమిది తెలుసు. "నా కాడ ఇస్పేటు రాజు", "నాకు ఆసు" అని గదిలో చెప్పుకుంటూనే ఉంటారు. ముక్కలు బాగాలేని రోజున నలుగురూ చల్లగా తప్పుకుంటారు. బాగున్నాయంటే ఒకరి మీద ఒకరు పందెం పెంచుకుంటూ పోయి బయటివాణ్ణి చెరుకుగడలా పిండేస్తారు. దీనికి సత్యప్రసాద్ పెట్టుకున్న పేరు టీమ్ వర్కు.

అసలు తెలివి మాత్రం పేర్లలో ఉంది. మొదట్లో కింగ్ అనీ టైగర్ అనీ పేర్లు పెట్టుకుని ఆడేవాళ్ళు. క్యాంపుల్లోని మనవాళ్ళు ఆ పేర్లు చూసి బెదిరి ఒక్క ఆట కాగానే లేచిపోయేవాళ్ళు. ఒకనాడు సత్యప్రసాద్ దయాకర్‌ను ఊరి పేరడిగాడు.

"జగిత్యాల దిక్కు సార్. మోతెపల్లె."

"ఇంకేం, అదే పెట్టు. మోతెపల్లె దయాకర్. మీవాళ్ళకి సొంతూరి పేరు కనపడితే ప్రాణం లేచొస్తుంది కదయ్యా."

అతను అన్నది అబద్ధం కాదు. గల్ఫులో తెలంగాణ మనిషికి తెలంగాణ మనిషి ఎదురైతే ముందు పేరడగడు. ఏ ఊరు మనది అని అడుగుతాడు. జిల్లా కలిస్తే నవ్వు, మండలం కలిస్తే సగం చుట్టరికం. ఆ ఒక్క ప్రశ్నతో తెలియని రూములో మంచం దొరుకుతుంది, జ్వరంలో గంజి దొరుకుతుంది. దేశం కాని దేశంలో పేదవాడికి ఉన్న ఒక్క ఆస్తి అది. సత్యప్రసాద్ దాన్ని గాలానికి గుచ్చాడు. ఊరి పేరు చూసి కూర్చున్నవాణ్ణి మాటల్లో పెట్టడం, జీతం పడిందా లేదా అని కనుక్కోవడం దయాకర్ ఉద్యోగంలో భాగం.

ఈ కుర్చీలోకి రాకముందు దయాకర్ పరంజా కట్టే పని చేసేవాడు. ఇరవయ్యో అంతస్తు ఎత్తున కాలుతున్న ఇనుప పైపులు భుజాన మోసేవాడు. నెలకు తొమ్మిది వందల దిర్హాములు. ఆ కంపెనీ మూతపడి, నాలుగు నెలల జీతం ఎగ్గొట్టి మాయమైనప్పుడు సత్యప్రసాద్ దేవుడిలా కనిపించాడు. ఏసీ గదిలో కంప్యూటర్ పని, పదిహేను వందలు, తిండి ఉచితం. వీసా కూడా తన మొబైల్ షాపు పేరుతో కొట్టించాడు. ఊళ్ళో భార్య కల్పన ఆ సంగతి వాడంతా చెప్పుకుని మురిసింది. పనేమిటో తెలిశాక దయాకర్‌కు తిండి సయించలేదు. నాలుగు రోజులకు సయించింది. మనిషి అలవాటు పడనిదంటూ ఏముంది? ఇక్కడ జూదం నేరం. పోలీసులు వస్తే కుర్చీలో ఉన్నవాడు దొరుకుతాడు, వెనక చప్పట్లు కొట్టేవాడు దొరకడు. అది తెలిసి కూడా కుర్చీ వదల్లేదు. మళ్ళీ ఆ ఎండలోకి పోవాలంటే భయం.

మూడో గడిలో వెంకట్రాములు వచ్చి కూర్చున్నాడు.

వెంకట్రాములు కల్బా అని అసలు పేరే పెట్టుకున్న అమాయకుడు. కల్బాలో విల్లాలకు టైల్సు వేసే మేస్త్రీ. వారం రోజులుగా ఎండ విరామంలో వస్తున్నాడు. అయిదో పదో దిర్హాములు పోగొట్టుకుని, 'పోతే పోనీ, ఊరోనితోని మాట్లాడినట్టు అయితది' అని రాసి వెళ్ళిపోయేవాడు. టేబులు పక్కన రాసుకోవడానికి చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకునేవాళ్ళు.

"తమ్మీ, మన దిక్కు వానలు వడ్డయటనే?"

"వడ్డయన్నా. నాట్లు గూడ అయితున్నయట," అని కొట్టి దయాకర్ ఒకటో గడిలో ముక్కలు పడేశాడు, అయిదో గడిలో పందెం పెంచాడు. సత్యప్రసాద్ నేర్పిన తర్వాతి ప్రశ్న వేళ్ళకు అలవాటైపోయింది. "జీతం వడ్డదా అన్నా?"

"జీతం ముచ్చట ఇడ్సిపెట్టు. మనసే మంచిగ లేదు. మా రూముల భూమేశని ఉండె, సచ్చిపోయిండు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. మీ పక్కూరే, చింతలవాయి."

దయాకర్ చెయ్యి ఆగింది. మోతెపల్లెకూ చింతలవాయికీ మధ్య వాగు ఒక్కటే అడ్డం. భూమేశ్ మొహం గుర్తు లేదు గానీ, ఆ వాగులో ఈత కొట్టిన చింతలవాయి పిల్లల్లో అతను ఉండకపోడు. అయిదో గడిలో గీత కరిగిపోయి పందెం పోయింది. అతను చూసుకోలేదు.

"కంపెనోడు పంపుతలేడా పీనుగును?"

"ఏ కంపెనీ తమ్మీ? ఖల్లివెల్లి ఉండె."

వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, దగ్గర్నుంచి పారిపోయి చాటుమాటుగా బతికేవాణ్ణి ఖల్లివెల్లి అంటారు. అలాంటివాడు చస్తే పెట్టె కొనేవాడు ఉండడు, విమానం టికెట్టు తీసేవాడు ఉండడు. తోటి కూలీలే తలా పదీ ఇరవై వేసి ఇంటికి పంపుతారు. ఏ క్యాంపులోనైనా అదే రివాజు. రేపు మన వంతు వస్తే మనకూ ఎవరో వేస్తారని కడుపు మాడ్చుకునైనా వేస్తారు.

వెంకట్రాములు రాస్తూనే ఉన్నాడు. "అందరం చందా ఏసినం. పెద్దమనిషినని నా దగ్గరనే పెట్టిన్రు. ఇంకా పన్నెండు వందలు తక్కువున్నయి. అడుగనోడు లేడు ఇగ. ఆడ ఆయన భార్య ఉమాదేవి రోజు ఫోను జేసి ఏడుస్తది, ఎప్పుడు తెస్తరు, ఎప్పుడు తెస్తరని. ఏం జెప్పాలె? గా తక్కువ వడ్డయి గీడ ఎల్తయేమో జూద్దమని కూసున్న. మనోడున్న టేబుల్ గదా."

అదీ అతని లెక్క. మనోడు ఉన్నచోట మోసం ఉండదు.

ఆ డబ్బాలో పడే ప్రతి అక్షరమూ సత్యప్రసాద్ తెరమీద కూడా పడుతుంది. అతను కుర్చీ జరుపుకుని దయాకర్ వెనక్కి వచ్చాడు. ఒంటికి మంచి అత్తరు వాసన.

"ఏవయ్యా, చూశావా? డబ్బు ఆయన చేతిలోనే ఉందట."

"సార్, అవి పీనుగును పంపే పైసలు సార్."

"డబ్బుకి చచ్చినోడి డబ్బు, బతికినోడి డబ్బు అని ఉంటుందంటయ్యా? మనం వెళ్ళి పిలుచుకొచ్చామా? తనే వచ్చాడు. మనం కాకపోతే ఇంకొకడు లాగుతాడు. నువ్వయితే కనీసం వాళ్ళ ఊరోడివి." తన మాటకు తనే నవ్వుకున్నాడు.

"ఈ ఒక్కాయన్ని ఇడ్సిపెట్టున్రి సార్. నా జీతంల కోసుకోన్రి."

సత్యప్రసాద్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ వీసా నా షాపు మీద ఉంది. పారిపోయాడని నేనొక్క రిపోర్టు పెడితే రేపు నువ్వూ ఖల్లివెల్లివే. అప్పుడు నీకు చందా ఎవడేస్తాడో ఆలోచించుకో. మూడింటిలోపు ఖలాస్ చెయ్యాలి. ఊఁ, కానివ్వు."

మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చాటుగా చెబుదామంటే ఫోన్లు పొద్దున్నే బీరువాలో పెట్టించుకుంటారు. డబ్బాలో రాస్తే యజమాని చూస్తాడు. ఆలోచిస్తుంటే గళ్ళు టింగుటింగుమని ప్రాణం తోడుతున్నాయి. చివరికి అతనికి ఒక దారి తోచింది. పిరికివాడికి ఎప్పుడూ మధ్యదారే తోస్తుంది.

తర్వాతి ఆటలో దయాకర్‌కు ఆసుల జత వచ్చింది. "నాకేం లెవ్వు," అని గట్టిగా చెప్పి పడేశాడు. అతని మాట నమ్మి తక్కిన ముగ్గురూ వెనక్కి తగ్గారు. వెంకట్రాములు గెలిచాడు. ఇంకో ఆటలోనూ అలాగే వదిలేశాడు. మరో రెండింటిలో చెడ్డ ముక్కలతో పందెం పెంచి ఓడిపోయాడు. పన్నెండు వందలు గెలుచుకుని ఆ మనిషి లేచిపోతే చాలు, తర్వాత తన జీతంలో ఎంత కోసినా సరే అనుకున్నాడు.

పక్కన ఉన్న జమీర్ మెడ వంచి ఇతని తెర చూశాడు. "ఏంది భాయ్, ఆసులు పారేసినావు?"

"కండ్లు మండుతున్నయి. సూసుకోలె."

జమీర్ తన తెరవైపు తిరిగి పెదవి కొరుక్కున్నాడు.

వెంకట్రాములు ముందున్న అంకె మూడు వందలు దాటింది. డబ్బాలో దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. "తమ్మీ, నీ పక్కన కూసుంటె కలిసొస్తున్నదే! ఆగు, ఇప్పుడే వస్త."

కుర్చీ ఖాళీ అయింది. పోతే పోనీ, అటునుంచి అటే పోవాలని దయాకర్ కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. మిగతా అయిదు గళ్ళనూ ఏం ఆడాడో అతనికే తెలియదు. వెంకట్రాములు పోయిన చోటు మాత్రం అతనికి తెలుసు. సైటు బయట చల్లని డ్రింకుల వ్యాను ఒకటి ఆగి ఉంటుంది. నగదు తీసుకుని ఫోన్లో పాయింట్లు వేసేది ఆ వ్యానువాడే. వాడికి నెలనెలా కమీషను ఇచ్చేది సత్యప్రసాద్.

కుర్చీ మళ్ళీ వెలిగింది. దాని ముందున్న అంకె మూడు వందలు కాదు, నాలుగు వేల ఆరు వందలు.

"అద్దిరిపోయిందయ్యా!" సత్యప్రసాద్ తన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "నేర్చుకోండిరా వీణ్ణి చూసి! నాలుగు ఆటలు ఇచ్చి మొత్తం మూట విప్పించాడు. ఎర వెయ్యడమంటే ఇదీ! నువ్వింత గట్టివాడివని నాకు తెలీదు దయాకర్. ఈ నెల నీకు బోనస్."

తాను దయ తలిచాననుకున్నాడు దయాకర్. ఆ దయకు ఈ వ్యాపారంలో ఎప్పటినుంచో ఒక పేరుంది, దానికి బోనస్ కూడా ఉంది. ఆ మనిషిని ఊరికే ఓడనిచ్చి ఉంటే పదీ ఇరవై పోగొట్టుకుని లేచిపోయేవాడు. మొత్తం చందాను టేబులు మీదికి తెప్పించింది తన జాలి.

ముక్కలు పడ్డాయి. దయాకర్‌కు రెండు, ఏడు. పనికిమాలినవి. మధ్యలో మూడు ముక్కలు తెరుచుకున్నాయి. ఇస్పేటు రాజు, ఆఠీను తొమ్మిది, కళావరు తొమ్మిది.

వెంకట్రాములు రెండు వందలు పెట్టాడు.

"నా కాడ తొమ్మిదుల జత," అన్నాడు జమీర్. గొంతులో ఉత్సాహం లేదు. మధ్యలోవి రెండు కలిస్తే నాలుగు తొమ్మిదులు! వాటిని కొట్టే ముక్కలు ఆ టేబులు మీద ఎవరికీ ఉండవు.

"దయాకర్, పెంచు," అని వెనకనుంచి ఆజ్ఞ.

వేలు నొక్కేసింది. ఏడాదిగా ఆ మాట వింటే నొక్కడమే దానికి తెలుసు. ఎనిమిది వందలు. తబ్రేజ్ తప్పుకున్నాడు, మూర్తి తప్పుకున్నాడు. జమీర్ ఒక్క క్షణం తటపటాయించి, తన ముందున్నదంతా తోశాడు. ఇప్పుడు వెంకట్రాములు వంతు. ముక్కలు పడేస్తే పోయేది రెండు వందలు. సరే అంటే మొత్తం పెట్టాలి. పెద్ద పందెం కనుక ఆలోచించుకోవడానికి అదనంగా ఒక నిమిషం ఇచ్చారు.

డబ్బాలో అక్షరాలు పడ్డాయి. "తమ్మీ, మస్తు ముక్కలు వచ్చినయే. భూమేశ్ ఇయ్యాల ఇంటికి పోతడు."

రాజుల జత ఉండి ఉంటుంది. అంత మంచి ముక్కలతో ఎంత తెలివైనవాడైనా మునిగిపోతాడు. చింతలవాయిలో వాకిట్లో కూర్చుని బీడీల చాటను పక్కకు నెట్టి ఫోను అందుకునే ఆడమనిషి దయాకర్ కళ్ళముందు కదిలింది. ఎప్పుడు తెస్తరని ఆమె అడుగుతుంది. ఈ రోజు దాటితే వెంకట్రాములు ఏమని చెబుతాడు? మోతెపల్లె మనిషి ఒకడు నా పక్కన కూర్చున్నాడు, వాణ్ణి నమ్మాను అని చెబుతాడా? చెప్పుకోలేక ఏ తాడో వెతుక్కుంటాడా? క్యాంపుల్లో అలాంటి చావులకు కొదవలేదు.

దయాకర్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"అన్నా, ముక్కలు పారెయ్యి. నీ ఎదురుంగున్న నాలుగు కుర్చీలు మావే. నలుగురం ఒక్క రూముల కూసున్నం. నీ ఒక్కని ముక్కలే మాకు తెల్వయి. ఇందాక గెలిచింది గూడ నేను ఇడిస్తెనే గెలిచినవ్. టేబుల్ కాడికెల్లి లెవ్వు. ఉన్నయి వాపసు తీస్కొని ఎల్లిపో."

పంపేశాడు.

సత్యప్రసాద్ కుర్చీ దబ్బున వెనక్కి పడింది.

"ఏం రాశావురా? నీకేమన్నా పిచ్చెక్కిందా?"

తెరమీద జవాబు వచ్చింది. "నవ్వులాటనా తమ్మీ? గిట్ల బెదిరిస్తవేందే."

సత్యప్రసాద్ మొహంలోకి నెత్తురు తిరిగివచ్చింది. ఒక్కసారిగా గొంతు తగ్గించాడు. "చూశావా, నమ్మలేదు. నవ్వులాటేనని రాయి. ఒక్క ముక్క. రాస్తే ఇదంతా మర్చిపోతా, బోనసూ ఇస్తా. రాయి నాయనా."

"రాయ సార్."

"వీసా..."

"తీసుకోన్రి."

ఆ మాట తన నోటినుంచి వచ్చిందా అని దయాకర్‌కే అనుమానం కలిగింది. భయం పోలేదు. మిగతా అయిదు గళ్ళూ ఒకటి తర్వాత ఒకటి అరుస్తున్నాయి, ఎవరి డబ్బో పోతూనే ఉంది. అతను వాటివైపు చూడలేదు. "నిజం చెప్తున్ననే అన్నా. మోతెపల్లె మీదొట్టు," అని మళ్ళీ కొట్టాడు.

సత్యప్రసాద్ పక్కకు తిరిగాడు. "జమీర్! నువ్వు రాయి. వీడు తాగాడు, తిక్కవాగుడు వాగుతున్నాడని రాయి. త్వరగా!"

జమీర్ ఏడాదిగా రోజుకు వంద మందితో ఆ డబ్బాలో తెలుగులో ముచ్చట్లు పెట్టే మనిషి. నెల్లూరు చేపల పులుసు గురించి రాసి రాసి గిరాకీ నిలబెట్టడంలో అతన్ని మించినవాడు లేడు. ఇప్పుడు కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి చంకల్లో పెట్టుకున్నాడు.

"నాకు తెలుగు రాయడం రాదు సార్," అన్నాడు.

తబ్రేజ్, మూర్తి తెరల్లోంచి తలలు తిప్పారు. సత్యప్రసాద్ నలుగురినీ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్ళూ వాళ్ళ వీపులే గాని మొహాలు చూసే అవసరం అతనికి పడలేదు. ఒక్క అంగలో వచ్చి దయాకర్ కాలరు పట్టుకున్నాడు. గుండీ తెగి బల్ల కింద ఎక్కడో పడింది.

"లేవరా! లే కుర్చీలోంచి! నేనే రాస్తా."

తెరమీద వెంకట్రాములు మళ్ళీ అడుగుతున్నాడు. "తమ్మీ? నిజంగనా? ఏం జెయ్యమంటవ్?"

దయాకర్ ఒక చేత్తో కుర్చీ కోడు గట్టిగా పట్టుకున్నాడు. రెండో చేత్తో కీబోర్డును గుండెకేసి అదుముకున్నాడు.

"ఆయన లేచినంక నేను లేస్త సార్," అన్నాడు.